వీట్స్కె అడుగుతోంది

మా బొనైర్ దీవిలో గాలి ఏడాదికి పది నెలలు తూర్పు నుంచి వీస్తూనే ఉంటుంది. చెట్లు పడమటికి వంగి పెరుగుతాయి. ఆరేసిన దుప్పట్లు పడమటికే ఎగురుతాయి. మనుషులు చిన్నప్పటినుంచే గొంతు పెంచి మాట్లాడటం నేర్చుకుంటారు. సెప్టెంబరు వచ్చేసరికి ఆ గాలి ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఇక దోమలు లేస్తాయి, అత్తాకోడళ్ళకు పడదు, ఎవరి మాట వాళ్ళకే పెద్దగా వినిపించి సిగ్గేస్తుంది. సముద్రం మాత్రం పీట వేసుకుని కూర్చున్నట్టు కదలకుండా, అడుగున ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టుకునేంత తేటగా ఉంటుంది. అలా గాలి ఆగిన ఒక కాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

ఆ ఏడాది మే నెలలో మా ఆయన ఎడ్సెల్ చెవి పాడైంది. పూర్తిగా పోలేదు. నేను గొణుక్కునేవి అన్నీ వినిపించేవి. లోపలి పొర ఏదో చిరిగిందని, ఇక జన్మలో బారెడు లోతుకు కూడా మునగకూడదని డాక్టరమ్మ చెప్పింది. కూరలో ఉప్పు తగ్గించుకోమన్నంత తేలిగ్గా చెప్పింది పాపం. ఇరవై ఏడేళ్ళుగా, వచ్చినవాళ్ళను వచ్చినట్టు సముద్రం అడుగుకు తీసుకెళ్ళి పగడాలు చూపించి తిరిగి తీసుకొచ్చిన మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చి, వరండాలో ఉన్న తన కుర్చీని ఎత్తి, తూర్పువైపు మేకల దొడ్డికి ఎదురుగా వేసుకున్నాడు. సముద్రం మా ఇంటికి పడమర.

ఆ కుర్చీలో ఆయన, వంటింట్లో నేను, మధ్య గదిలో మా అత్తగారు. ఆవిడను ఊరంతా మాయి అనే పిలుస్తారు, నేనూ అంతే. ముగ్గురం ఉన్నా ఇంట్లో చప్పుడు లేదు. అడిగితే ఊఁ అనేవాడు, రెండోసారి అడిగితే ఊఁహూఁ అనేవాడు. ఇంతలో కురసావ్‌లో ఉన్న మరిది ఫోను చేశాడు. వాడికి అక్కడ టైర్ల కొట్టు ఉంది.

"అన్నయ్యా, వదిననీ అమ్మనీ తీసుకుని వచ్చేయ్. కొట్టు చూసుకుందువుగాని. క్రిస్మస్ లోపు ఏ సంగతీ చెప్పు" అన్నాడు.

కురసావ్‌లో నేను చదువుకున్నాను. మంచి ఊరే. కానీ ఈ మనిషిని ఈ మౌనంతో సహా తీసుకెళ్ళి టైర్ల మధ్య కూర్చోబెడితే ఇక ఎప్పటికీ పైకి తేలడని నాకు లోపల భయం. ఇక్కడి నుంచి కదలకూడదు. కదలకుండా ఉండాలంటే ముందు ఆయన నోరు తెరవాలి. ఎలాగో తెలియలేదు.

ఆగస్టు చివర వీట్స్కె ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఫోనులో వచ్చేదే, కానీ ఆవిడ రాసిన తీరు చూస్తే తపాలా బిళ్ళ కోసం వెతుక్కోవాలనిపిస్తుంది. మా పెరట్లో ఒక గది ఉంది, డైవింగుకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తాం. వాళ్ళు మంచం మెత్తగా ఉంటుందా అని అడగరు. సామాను కడుక్కోవడానికి మంచినీళ్ళ తొట్టి ఉందా, నీళ్ళలో వేసుకునే నల్ల సూట్లు ఆరేసుకోవడానికి నీడలో దండెం ఉందా అని అడుగుతారు. హాలండులో ఉత్తరాదిన ఉంటుందట వీట్స్కె. అరవై ఎనిమిదేళ్ళు. నవంబరులో పన్నెండు రోజులుంటానని, ఎక్కడెక్కడ దిగితే బాగుంటుందో చెప్పమని రాసింది. చదువుకున్న కోడలిని కాబట్టి ఉత్తరాలకు జవాబులు మొదటినుంచీ నా వంతే.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. యాభై ఒక్క ఏళ్ళుగా ఈ దీవిలో ఉన్నానన్న మాటే గానీ మొల లోతు దాటి ఎప్పుడూ సముద్రంలోకి వెళ్ళలేదు. మా వాళ్ళలో చాలామందిమి అంతే. సముద్రం మగవాళ్ళకు పని, పిల్లలకు ఆదివారం, ఆడవాళ్ళకు ఉప్పు పట్టిన బట్టలు.

ఆ మధ్యాహ్నం మేకమాంసం కూర, మొక్కజొన్న ముద్ద వడ్డిస్తూ మామూలుగా అడిగాను.

"మేకల మలుపు దగ్గర సముద్రంలో దిగితే ఎడమకు వెళ్ళాలా కుడికా అని వీట్స్కె అడుగుతోంది."

"ఎవరు?"

"నవంబరులో వచ్చే ఆవిడ."

ఎముక చీకడం పూర్తిచేశాడు. "ఎడమకి" అన్నాడు.

అయిపోయిందనుకున్నాను. నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాడు.

"ముందు ప్రవాహం ఎటుందో చూసుకోమను. ఎప్పుడూ ఎదురు వెళ్ళి, దాంతోపాటు వెనక్కి రావాలి. అలసిపోయాక ఎవడూ ఎదురీదలేడు. ఎడమకి వెళ్తే నలభై అడుగుల దగ్గర ఊదారంగు విసనకర్ర పగడాలు ఉంటాయి, తోట వేసినట్టు. అక్కడ ఆగమను. అందరూ ఏదో తరుముతున్నట్టు దాటిపోతారు."

మాయి గరిటె గాల్లో పెట్టుకుని నా వైపు చూసింది. నేను మాయి వైపు చూశాను. మే నెల తర్వాత ఆ ఇంట్లో అంత పొడుగు మాట పుట్టలేదు.

వీట్స్కెకు రాశాను. ధన్యవాదాలు, నా సందేహం తీరింది అని జవాబిచ్చింది. ఆవిడ సందేహం తీరింది గానీ నాకు చాల్లేదు. మర్నాడు ముద్ద కలుపుతూ నేనే ఒకటి పుట్టించాను.

"ఆ విసనకర్రలు రాయా, చెట్టా, జంతువా అని వీట్స్కె అడుగుతోంది."

"ఇన్నేళ్ళుగా దిగే మనిషికి ఆ మాత్రం తెలీదా?"

"ఏమో, చలిదేశం మనిషి. అక్కడ నీళ్ళు బురదగా ఉంటాయేమో."

జంతువే అని మొదలుపెట్టి అరగంట చెప్పాడు. ఆ మర్నాడు ఇంకొకటి. ఆ పైన పూటకొకటి. పీతకు నిద్రొస్తుందా అని వీట్స్కె అడుగుతోంది. అంత లోతున వాన పడితే తెలుస్తుందా అని వీట్స్కె అడుగుతోంది. చేపలకు ఆవలింతలొస్తాయా అని కూడా అడిగింది పాపం. ఆయన ఒక్కొక్కదానికీ చేతులు కడుక్కోకుండా, ఎండిపోయిన వేళ్ళతోనే గాల్లో బొమ్మలు గీస్తూ చెప్పేవాడు. వాన పడితే కింద చప్పుడుండదట, పైకప్పు మీద ఎవరో ఆవాలు చల్లినట్టు వెలుగు మాత్రం చిట్లుతుందట. చిలకచేప రాత్రి పడుకునేముందు నోటినుంచి సన్నని పొర తీసి ఒళ్ళంతా కప్పుకుంటుందట, తెల్లారితే ఆ దుప్పటి తినేసి వెళ్ళిపోతుందట.

"మడత పెట్టే పని లేదు, అదృష్టవంతురాలు" అన్నాన్నేను.

గాలి ఆగిపోయింది. మధ్యాహ్నాలు తేనెలా సాగేవి. గాడిదలు కూడా రోడ్డు మధ్యలో నిలబడి ఏదో మరిచిపోయినట్టు ఆలోచించేవి. నేను గిన్నెలు తోముతుంటే కళ్ళ ముందు ఆ విసనకర్రల తోట ఊగేది. బియ్యం కడుగుతుంటే గింజల మధ్య చిన్న నీలి చేపలు తిరిగేవి. వరండాలో కుర్చీ రోజుకొక బెత్తెడు ఉత్తరం మీదుగా పడమటికి తిరుగుతోందని నాకూ మాయికీ తెలుసు. ఎవరమూ నోరెత్తలేదు.

ఆయన చెప్పినవన్నీ వీట్స్కెకు కూడా రాశాను. నేను చూసినట్టే రాశాను. అబద్ధమాడాలని కాదు, ప్రతి వాక్యంలోనూ మా ఆయన చెప్పాడు, మా ఆయన చెప్పాడు అని రాస్తే పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి రాసిన ఉత్తరంలా ఉంటుందని.

సెప్టెంబరు సగంలో ఆవిడ నిజంగానే ఒకటి అడిగింది, పన్నెండు రోజులకూ రోజువారీగా వేసి పంపమని. ఎడ్సెల్ ముందు కాగితం, పెన్సిలు పెట్టాను.

"విమానం ఎప్పుడు?" అన్నాడు.

"తొమ్మిదో తారీకు పొద్దున దిగుతుంది."

"రావడం ఎవడిక్కావాలి? పోవడం చెప్పు."

డైవింగు బసను వెనకనుంచి లెక్కపెట్టుకు రావాలట. ఆఖరిరోజు పొడిరోజు, నీళ్ళ జోలికి పోకూడదు. లోతున పీల్చిన గాలి ఒంట్లో కరిగి ఉంటుంది, అది మెల్లగా దిగిపోవాలి. "లేకపోతే విమానం పైకి లేవగానే మూత తీసిన సోడాసీసా అవుతుంది మనిషి" అన్నాడు. పొడిరోజు గీత గీసి, దాని ముందు రోజు, ఆ ముందు రోజు అంటూ సగం దాకా వచ్చాడు. ఆయన నుదుటి మీద పాత ముడత ఒకటి కనబడింది, లెక్క తప్పకూడదనుకునేటప్పుడు పడే ముడత. అది చూసి కొత్త బంగారం చూసినంత సంబరపడ్డాను.

సరిగ్గా అప్పుడు మరిది ఫోను. కొట్టు పక్కనే ఇల్లు చూశాడట, రెండు గదులట. ఎడ్సెల్ "ఊఁ... ఊఁ... చూద్దాం" అని పెట్టేసి, పెన్సిలు బల్ల మీద వదిలేసి, మేకల దగ్గరకు వెళ్ళిపోయాడు.

మిగిలిన సగం నేను నింపాను. నా తెలివితో నింపాను. ఏ పనైనా సన్నమంట మీద మొదలుపెట్టి తర్వాత పెంచాలి కదా. పొద్దున్నే పాపం పెద్దావిడ, ఇరవై అడుగులు చాలు. మధ్యాహ్నం భోజనం అరిగాక వంద అడుగులు. మధ్యలో భోజనాలు కూడా వేసి, చూసుకుని మురిసిపోయి పంపించాను.

రెండు రోజులకు జవాబొచ్చింది.

"ప్రియమైన దినా, భోజనాల పట్టిక చూసి నోరూరింది. అయితే ఆరు రోజులు పొద్దున ఇరవై అడుగులు, మధ్యాహ్నం వంద అని రాశారు. ముందు లోతు, తర్వాత పైపైన అన్నది మాకు మొదటిరోజు చెప్పే పాఠం. మీరు ఆఖరిసారి ఈ సముద్రంలో దిగింది ఎప్పుడు?"

స్టవ్ మీద పాలు పొంగాయి. చూస్తూ నిలబడ్డాను.

నాలుగుసార్లు రాసి చెరిపి, అయిదోసారి నిజం రాశాను. ఎప్పుడూ దిగలేదని. చూసింది మా ఆయనని, ఆయన చెవి సంగతి ఇదని, చూపు ఆయనది మాటలు నావని. గది వద్దనుకుంటే ఏమీ అనుకోనని. వద్దంటుందనే అనుకున్నాను. మూడు రోజుల తర్వాత నాలుగు వాక్యాలు వచ్చాయి.

"నాకు జంటగా ముప్పై ఏళ్ళు మా చెల్లెలు దిగేది, ఇప్పుడు చలి పడటం లేదని పేకాట క్లబ్బులో చేరింది. ఒంటరిగా దిగకూడదని మీకూ తెలిసే ఉంటుంది, ఈ సంగతైనా. నేను ముక్కూమొహం తెలియని జంట కోసం డబ్బు కట్టదలచుకోలేదు, మీ రాత నాకు తెలుసు. ఇంకా ఏడు వారాలున్నాయి."

ఆ మధ్యాహ్నం ముద్ద వడ్డించాక కూడా చెప్పకుండా దాటేద్దామా అనుకున్నాను. కానీ చెప్పక తప్పదు.

"వీట్స్కె అడుగుతోంది" అన్నాను.

"ఊఁ, ఏమిటట ఇవాళ?" ఎడ్సెల్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ జరుపుకోవడం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది.

"నన్ను జంటగా రమ్మంటోంది. నేర్చుకోమంటోంది."

మాయి ఫక్కున నవ్వింది. ఎడ్సెల్ నవ్వలేదు.

"కుదరదని రాయి."

"రాయను."

"తొట్టిలో నీళ్ళకే భయపడతావు నువ్వు."

"తొట్టి ఇరుకు కనక."

"దినా, ఈ ఇంట్లో ఒకళ్ళ చెవి పోయింది, చాలు" అన్నాడు. ముద్ద సగంలో వదిలేసి లేచాడు. సాయంత్రానికి కుర్చీ మళ్ళీ పూర్తిగా తూర్పుకు తిరిగింది. శనివారం తమ్ముడికి తనే ఫోను చేశాడు. తలుపు చాటునుంచి విన్నాను. "వస్తాను. క్రిస్మస్ అయ్యాక సామాను పంపిస్తాను" అన్నాడు.

వారాలకొద్దీ పోగుచేసినదంతా ఒక్క ప్రశ్నతో పోగొట్టుకున్నాను. ఎలాగూ పోయింది కదా అని సోమవారం సురైనా దగ్గరకు వెళ్ళాను.

సురైనా ఆయన మేనకోడలు. ఆయన దగ్గరే పని నేర్చుకుంది, ఇప్పుడు ఆయన పని ఆ పిల్లే చేస్తోంది. నా పక్కన నిలబడి నల్లసూటు తొడిగేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"అత్తా, పొట్ట లోపలికి లాక్కో."

"లోపలే ఉంది తల్లీ. లాక్కున్నాక మిగిలిందే ఇది."

మొల లోతు నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, ముఖానికి పెట్టుకున్న అద్దంలోకి కావాలని నీళ్ళు రానిచ్చి, మళ్ళీ ఊది బయటకు పంపాలి. అంతే పాఠం. రానివ్వడం బాగా వచ్చింది. పంపడమే రాలేదు. దగ్గుకుంటూ లేచినప్పుడల్లా ఒడ్డున నీడలో వలలు అల్లే ముసలాళ్ళు చప్పట్లు కొట్టారు.

"దినా! ఇంటి దగ్గర కూర మాడుతోందట, వెళ్ళు!"

"మాయిని కూడా తీసుకురావాల్సింది, తక్కెడలా సరిపోయేది!"

రెండో రోజూ అంతే. ఇంటికొస్తే ఎడ్సెల్ నా తడిజుట్టు చూసి చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. నా సూటు మాత్రం ఎవరో మంచినీళ్ళతో కడిగి, తిరగేసి, నీడలో ఆరేశారు. మాయికి అలా ఆరేయడం తెలియదు.

మూడో రోజు దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడి లేచేసరికి ఒడ్డున మా ట్రక్కు ఆగి ఉంది. ఎడ్సెల్ లోపలే కూర్చున్నాడు, అద్దం దించుకుని, చెయ్యి బయట పెట్టుకుని. దిగలేదు. నేను మళ్ళీ మునిగాను, మళ్ళీ దగ్గాను.

"సురైనా!" ట్రక్కులోంచి కేక. గాలి లేదు కదా, ఊరంతటికీ వినబడింది. "నోటితో ఊదుతోందే మీ అత్త! ముక్కుతో కదా ఊదాలి! ఏం చూస్తున్నావు నువ్వు?"

"చెప్పాను మామా! రోజూ చెబుతున్నాను!"

"చెబితే ఎలా తెలుస్తుంది, చూపించాలి గానీ!"

ట్రక్కు తలుపు తెరుచుకుంది. ముసలాళ్ళు వలలు పక్కన పెట్టారు. పాంటు, చొక్కా, చెప్పులతో సహా నడుచుకుంటూ వచ్చేశాడు. సముద్రం కొంచెం కూడా కలతపడలేదు, ఆయన నడిచిన దారి వెంట రెండు సన్నని గీతలు మాత్రం విచ్చుకున్నాయి. మొల లోతులో నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. జేబులో ఫోను ఉందని తర్వాత తెలిసింది.

"నన్ను చూడు. అద్దంలోకి నీళ్ళొస్తే ఏమవుతుంది?"

"చచ్చిపోతాను."

"కాదు. ముక్కు తడుస్తుంది. అంతే. ముక్కు తడిస్తే ఎవరైనా చచ్చారా?"

"మా పెదనాన్న జలుబుతోనే—"

"దినా."

"చెప్పు."

"ఊపిరి ఆపకు. ఏమైనా సరే, ఊపిరి ఆపకు. తల పైకెత్తు. ఇక్కడ వేలు పెట్టు. ఇప్పుడు ముక్కుతో, మెల్లగా. చంటిపిల్లకి జోల పాడినట్టు."

నా నుదుటి మీద అద్దాన్ని తన వేలితోనే నొక్కిపట్టుకున్నాడు. మునిగాను. నీళ్ళు వచ్చాయి. ఊదాను. నీళ్ళు పోయాయి. తేటపడిన అద్దంలోంచి చూస్తే నీళ్ళ కింద ఆయన పాంటు గొట్టాలు ఉబ్బి, మెల్లగా, మేఘాల్లా కదులుతున్నాయి. లేవబుద్ధి కాలేదు.

ఆ రోజునుంచి రోజూ వచ్చాడు. మొల దాటి లోపలికి వెళ్ళేది లేదు, తల తడిపేది లేదు. నేనూ సురైనా లోతుకు పోతుంటే అక్కడే నిలబడి మా బుడగలు ఎటు కదిలితే అటు తిరిగేవాడు. ఇంటికొచ్చాక తప్పులన్నీ వరసపెట్టి చెప్పేవాడు. కాళ్ళు సైకిలు తొక్కినట్టు ఆడిస్తున్నావనేవాడు, చేతులెందుకు అలా ఊపుతావు, పగడాల మధ్య ఈగలుంటాయా అనేవాడు. మాయి విసుక్కునేది. "మాట్లాడనప్పుడే నయం. ఇప్పుడు నిద్ర కూడా పట్టనివ్వడు" అనేది, నాకు రెండో ముక్క మాంసం వేస్తూ.

టైర్ల కొట్టు సంగతి మాత్రం కదలలేదు. గోడకు ఆనించి మూడు అట్టపెట్టెలు తెచ్చిపెట్టాడు. ఒకదాంట్లో తన పాత ఈతరెక్కలు, అద్దాలు సర్దేశాడు కూడా. పెట్టె చుట్టూ తిరిగి ఊడ్చుకుంటూ వచ్చాను, అడగలేదు. అన్ని ప్రశ్నలు అడిగిన దాన్ని, ఆ ఒక్కటీ అడగలేకపోయాను.

నవంబరు తొమ్మిదిన వీట్స్కె దిగింది. సన్నగా, తాటిచెట్టంత పొడుగు. విమానం మెట్ల మీదే బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. ఇంటికి వచ్చీ రాగానే తొట్టిలో చెయ్యి పెట్టి చూసి, దండెం తాడు లాగి చూసి, అప్పుడు నన్ను కావలించుకుంది.

మాయి కింది నుంచి పైదాకా ఎగాదిగా చూసింది. "ఈవిడ మునగాలంటే ఎక్కడా అంత లోతు లేదే" అంది మా భాషలో.

"ఉందని మీ కోడలు రాసింది" అంది వీట్స్కె డచ్చిలో. భాష తెలియకపోయినా చూపు తెలిసింది కాబోలు.

భోజనానికి జెముడు సూప్ చేశాను, చేపలు వేయించాను. ఎడ్సెల్ చొక్కా మార్చుకుని వచ్చాడు. కూర్చోగానే వీట్స్కె వైపు కుర్చీ తిప్పుకున్నాడు. నాకప్పుడు గుర్తొచ్చింది. ఆవిడకు నేను డైవరును కాదని తెలుసు. కానీ ఆవిడ పేరుమీద నేనడిగిన ప్రశ్నల సంగతి తెలియదు. ఎలా మరిచిపోయానో! సూప్ గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను, అరవడానికి వీల్లేదు.

"మీరు అడిగారు చూడండి, చిలకచేప దుప్పటి గురించి" అన్నాడు ఎడ్సెల్. "అప్పుడొకటి చెప్పడం మరిచిపోయాను. అన్ని జాతులూ కప్పుకోవు—"

"నేనా?" అంది వీట్స్కె. "నేను దాని గురించి అడగలేదే. నేనడిగింది మొత్తం మూడో నాలుగో."

బయట మేక ఒకటి దగ్గింది.

ఎడ్సెల్ నా వైపు చూశాడు. పెద్దసేపు కాదు. గిన్నె బరువుగా ఉందా అని చూసినట్టు చూశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, నింపాదిగా, చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి అన్నాడు.

"మీరే అడిగారు. సెప్టెంబరులో. మీకు గుర్తులేనట్టుంది."

వీట్స్కె ఆయన్ని చూసింది, నన్ను చూసింది, గుమ్మం దాటని సూప్ గిన్నెను చూసింది. "అవునవును" అంది. "వయసు మీద పడింది కదా. నేనే అడిగి ఉంటాను. చెప్పండి, ఏ జాతులు కప్పుకోవు?"

గిన్నెలు తోమేటప్పుడు ఎడ్సెల్ వచ్చి పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టాడు. పెళ్ళయి పాతికేళ్ళయినా అది మొదటిసారేమో.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను నురగలోకి చూస్తూ.

"చేపలకి ఆవలింతలొస్తాయా అన్నప్పటినుంచి."

"అది మొదట్లోనే కదా!"

"ఊఁ."

"మరి అన్నిటికీ ఎందుకు చెబుతూ వచ్చావు?"

పళ్ళెం తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "అడిగావు కదా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మేకల మలుపుకు వెళ్ళాం. రోడ్డు పక్క పేరు రాసిన పసుపు రాయి దగ్గర ట్రక్కు ఆపాడు. తాళం వెయ్యలేదు, అద్దాలూ ఎత్తలేదు, మా దగ్గర ఎవరూ వెయ్యరు. నా వీపున సిలిండరు ఎత్తి, పట్టీలు బిగించి, మీట పూర్తిగా తిరిగిందో లేదో రెండుసార్లు చూశాడు. సురైనా ముందు, వీట్స్కె పక్కన, నేను మధ్యలో. నీళ్ళలోకి ఆయన కూడా మొల దాకా వచ్చాడు.

"ముందు ఊపిరి" అన్నాడు. "ప్రపంచం మునిగిపోతున్నా సరే, ముందు ఊపిరి."

"మునిగేది నేను."

"వెళ్ళు, దుషీ" అన్నాడు. ఆ ముద్దుపేరు విని ఎన్నేళ్ళయిందో.

తల మీదుగా నీళ్ళు మూసుకున్నాయి. బారెడు బారెడుకు ముక్కు పట్టుకుని ఊది చెవుల్లో బిగువు సర్దుకున్నాను. రెండు చెవులూ మాట విన్నాయి. ఆ తర్వాత కింద ఏమీ లేదు, పైన ఏమీ లేదు, నా బరువు ఎవరో తీసి ఒడ్డున పెట్టేశారు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. వెనక ఎక్కడో సన్నగా, నూనెలో వడియాలు వేసినట్టు చిటపటలు. ఎడమకు తిరిగాం. నేను రాసిన వాక్యాలు ఒక్కొక్కటే ఎదురొచ్చాయి. కొన్ని పలకరించాయి, కొన్ని నన్ను గుర్తుపట్టకుండా పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఊదా విసనకర్రల తోట దగ్గర ఆగాం. ముగ్గురం ఒకరికొకరం ఏమీ చెప్పుకోలేం. చెప్పుకోవాల్సిన పనీ లేదు. ఇరవై ఏడేళ్ళు ఈ మనిషి పగళ్ళు గడిచింది ఇక్కడ. ఇంటికొచ్చి ఏం మాట్లాడవేం అని పోట్లాడిన రోజులు గుర్తొచ్చి, అద్దంలో కాసిని నీళ్ళు చేరాయి. అవి సముద్రానివి కావు. తల పైకెత్తి, వేలు పెట్టి, ముక్కుతో మెల్లగా ఊదాను.

తిరిగొచ్చి తల పైకెత్తేసరికి ఎడ్సెల్ గుండె లోతులో ఉన్నాడు. ఎప్పుడు అంత లోపలికి వచ్చాడో. చొక్కా నీళ్ళ మీద గొడుగులా తేలుతోంది.

"ఎడమకే వెళ్ళారా? ప్రవాహం ఎటుంది? తోట దగ్గర ఆగారా, లేదా దాటించేసిందా సురైనా? పెద్ద విసనకర్ర, చివరది, గాలివానకి విరిగిందన్నారు, ఉందా? చెవులెలా ఉన్నాయి? ఏమైనా చెప్పవేం?"

ఆయన నోటినుంచి అన్ని ప్రశ్నలు ఒక్కసారి రాలడం నేనెప్పుడూ చూడలేదు. వీట్స్కె సంతోషంగా నోరు తెరిచింది. నీళ్ళ కిందనుంచి ఆవిడ మోచెయ్యి పట్టుకుని నొక్కాను. మంచి జంట, వెంటనే నోరు మూసుకుంది.

"ఆగాం" అన్నాను.

"ఆగి?"

"ముందు ఈ బరువు తియ్యి. ఇంటికి వెళ్ళాక చెబుతాను."

దారిలో ఆయన కొత్త ఫోను మోగింది. బండి పక్కకు ఆపి తీశాడు. అవతల మరిది, సామాను పంపే పడవ మాట్లాడమంటావా అని అడుగుతున్నాడు, నాకూ వినిపిస్తోంది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను. ఊపిరి ఆపకూడదని గుర్తుపెట్టుకున్నాను.

"వద్దులేరా, మేం రావట్లేదు" అన్నాడు ఎడ్సెల్. "ఎందుకంటే ఏం చెప్పను, తర్వాత చేస్తాను. ఇక్కడ మీ వదిన ఏదో చెబుతోంది."

నేనింకా నోరే తెరవలేదు.